ముప్పై టన్నుల బండికి ఆఖరి రెండు వందల మీటర్లు

2022 జులై 19న కాలిఫోర్నియాలోని క్యాంప్ పెండిల్టన్ తీరంలో అమెరికా మెరైన్ల కొత్త సాయుధ వాహనాలు శిక్షణ కోసం నీళ్లలోకి దిగాయి. ఆ రోజు అలలు మామూలుగా లేవు. ఒక బండి అలల మధ్యే కదలలేక ఆగిపోయింది, ఇంకోటి ఏకంగా పక్కకి ఒరిగి పడిపోయింది. లోపలున్నవాళ్లు ఎవరికీ దెబ్బలు తగలకుండా బయటపడ్డారు కాబట్టి ఇది పెద్ద వార్త కాలేదు. కానీ ఆ బండి ఏమిటో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. ఎనిమిది చక్రాలు, 690 హార్స్‌పవర్ ఇంజిన్, దాదాపు 30 టన్నుల బరువు, కింద మందుపాతర పేలినా లోపలి మనుషులు బతకాలని చేసిన అడుగుభాగం. అలాంటిదాన్ని ఒడ్డు దగ్గరి అల పడుకోబెట్టేసింది.

దీని పేరు యాంఫీబియస్ కంబాట్ వెహికల్, పొట్టిగా ఏసీవీ. బీఏఈ సిస్టమ్స్ తయారు చేస్తోంది, మూల డిజైన్ మాత్రం ఇటలీ కంపెనీ ఇవెకోది, సూపర్ ఏవీ అనే 8x8 బండి, అంటే ఎనిమిది చక్రాలకీ ఇంజిన్ బలం అందేది. 2015లో రెండు కంపెనీలకు తలా 16 నమూనాలు చేసే పని అప్పగించి, వాటిని పోటీకి పెట్టి, 2018 జూన్‌లో బీఏఈ బండిని ఎంచుకున్నారు. మొదటి 30 బండ్లకు 19.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. 2020 అక్టోబరు నుంచి యూనిట్లకు చేరడం మొదలైంది. ముగ్గురు సిబ్బంది, వెనక 13 మంది సైనికులు, రోడ్డు మీద గంటకు 100 కి.మీ. దాటే వేగం.

ఇక నీళ్లలో? ఆరు నాట్లు, అంటే గంటకు 11 కి.మీ. దీనికి ముందు వాడిన ఏఏవీ 1972లో వచ్చిన ట్రాకుల బండి, అంటే ట్యాంకులా చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాల మీద నడిచేది, అది 13 కి.మీ. వేగంతో ఈదేది. యాభై ఏళ్ల తర్వాత వచ్చిన కొత్త బండి సముద్రంలో పాతదానికంటే మెల్లగా పోతుంది! పైగా ట్రాకులు తీసేసి చక్రాలు పెట్టారు. మెరైన్లంటేనే సముద్రం మీంచి దాడి చేసేవాళ్లు, మరి వాళ్ల బండి సముద్రంలో వెనకబడటమేంటి అని అప్పట్లో చాలామంది గొణిగారు. ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే అంతకుముందు జరిగిన ఒక ఖరీదైన పొరపాటు దగ్గరికి వెళ్లాలి.

ఏ తేలే బండికైనా ముందుకు పోతుంటే మూతి దగ్గర ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవూ పెరుగుతుంది. చివరికి అల పొడవు బండి పొడవుతో సమానమయ్యే వేగం వస్తుంది, అప్పుడు బండి మూతి ఒక అల మీద, తోక ఇంకో అల మీద, తను చేసిన గుంటలో తనే కూర్చుంటుంది. అక్కడి నుంచి ఇంకా వేగం కావాలంటే ఆ మూతి అలని ఎక్కాలి, అంటే నీళ్లలోనే కొండ ఎక్కినట్టు. ఎనిమిది, తొమ్మిది మీటర్ల బండికి ఈ హద్దు గంటకు 13 కి.మీ. చుట్టుపక్కల పడుతుంది. అందుకే ఏఏవీ, ఏసీవీ, రష్యా వాళ్ల బీటీఆర్, ఏదైనా సరే, 9 నుంచి 13 మధ్యే కొట్టుకుంటుంటాయి. ఎవరి ఇంజినీర్లూ తక్కువవాళ్లేం కాదు, పొడవు అంతే ఉంది మరి.

ఈ గోడని బద్దలు కొట్టాలనే ఈఎఫ్‌వీ అనే ప్రాజెక్టు పెట్టారు. స్పీడ్‌బోటు లాగా నీళ్ల పైకి లేచి జారుతూ గంటకు 46 కి.మీ.తో పోవాలి, 25 నాటికల్ మైళ్ల దూరంలో, ఒడ్డు మీంచి కనపడని ఓడ నుంచి బయల్దేరాలి, ఒడ్డెక్కగానే ట్యాంకుల వెంట పరిగెత్తాలి. పని చేసింది కూడా, ఆ వేగం అందుకుంది. కానీ దాని కోసం నేల మీద 850 హార్స్‌పవర్ సరిపోయే బండిలో, నీళ్లలో 2,700 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ పెట్టాల్సొచ్చింది. ట్రాకులు పైకి ముడుచుకోవాలి, మూతి దగ్గర ఒక పలక బయటికి రావాలి, వెనక ఇంకో పలక దిగాలి, ఇవన్నీ హైడ్రాలిక్స్ మీద, అంటే నూనె ఒత్తిడితో నడవాలి. 2006లో పరీక్ష చేస్తే సగటున నాలుగున్నర గంటలకోసారి ఏదో ఒక పెద్ద మరమ్మతు వచ్చి పడింది. ఉండాల్సింది 43 గంటల పైన. చివరికి 2011 జనవరిలో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ దాన్ని రద్దు చేశారు. అప్పటికే సుమారు 300 కోట్ల డాలర్లు సముద్రంలో కలిసిపోయాయి.

ఏసీవీ పుట్టింది ఆ దెబ్బ తర్వాత. ఈసారి లెక్క మార్చుకున్నారు. మెరైన్ బండి జీవితంలో ఈత ఎంతసేపు? ఓడ నుంచి ఒడ్డుకి రెండు గంటలనుకుందాం. ఆ తర్వాత? వారాలు, నెలలు నేల మీదే. 2003లో ఏఏవీలు కువైట్ నుంచి బాగ్దాద్ దాకా వందల కిలోమీటర్లు ఎడారి రోడ్ల మీద ట్రాకులు అరగదీసుకుంటూ పోయాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి మెరైన్లు పోరాడిన, ఇరాక్‌లోని అన్బార్ రాష్ట్రం ఎడారి, సముద్రం దరిదాపుల్లో లేదు. అఫ్ఘానిస్తాన్‌కైతే సముద్రమే లేదు. రెండు గంటల ఈత కోసం మిగతా జీవితమంతా పాడు చేసుకోవడం ఎందుకన్న ఆలోచన వచ్చింది. సరైన ఆలోచనే.

దానికి రక్తంతో రాసిన కారణం ఇంకోటుంది. 2005 ఆగస్టు 3న ఇరాక్‌లోని హదీథా దగ్గర ఒక ఏఏవీ కింద బాంబు పేలింది, 14 మంది మెరైన్లు చనిపోయారు. ఏఏవీ అడుగు చదును, ఒళ్లంతా అల్యూమినియం. చదునైన అడుగు నీళ్ల మీద తేలడానికి మంచిదే, కింద పేలుడు జరిగినప్పుడు మాత్రం మొత్తం దెబ్బని తిన్నగా పైకి తీసుకుంటుంది. పేలుడు పక్కలకి పోవాలంటే అడుగు వి ఆకారంలో ఉండాలి, నేలకి ఎత్తుగా ఉండాలి.

ఇక్కడే చక్రాలు పనికొస్తాయి. మామూలు 8x8 బండిలో ఇంజిన్ నుంచి వచ్చే ప్రధాన షాఫ్టు అడుగున మధ్యలో పోతుంది, దాని నుంచి ఇరుసులు రెండు పక్కలకి. అంటే మనుషులు కూర్చునే నేల కిందే ఇనుప సామాను అంతా. సూపర్ ఏవీలో హెచ్ ఆకారపు డ్రైవ్ వాడారు: బలం ముందే రెండుగా చీలి, బండి ఎడమ కుడి గోడల వెంట షాఫ్టులు పోతాయి, ఒక్కో చక్రానికీ పక్క నుంచే తిప్పుడు అందుతుంది. మధ్యలో అడుగు ఖాళీ, అక్కడ వి ఆకారం చక్కగా కుదిరింది. సీట్లు నేలకి తగలకుండా వేలాడుతుంటాయి, కింద పేలినా కుదుపు వెన్నెముకకి నేరుగా చేరకుండా. ఒక చక్రం ఎగిరిపోయినా మిగతా ఏడు బండిని బయటికి లాక్కొస్తాయి. ట్రాకు తెగిన బండి అయితే అక్కడే గుండ్రంగా తిరిగి కూలబడుతుంది. ఒక చక్రం పోయినా కదలగలిగే సదుపాయం విలువ ఎంతో, శత్రువు చూస్తుండగా కిందకి దిగి ట్రాకు బిగించాల్సి వచ్చినవాడికే తెలుస్తుంది.

అయితే ట్రాకుల వైపు వాదన తీసిపారేసేది కాదు. అసలు మెరైన్లకి ట్రాకులు వచ్చిందే నేల కోసం కాదు, పగడపు దిబ్బల కోసం. 1930ల్లో డొనాల్డ్ రోబ్లింగ్ అనే ఇంజినీరు ఫ్లోరిడా చిత్తడి నేలల్లో తుపానులో చిక్కుకున్నవాళ్లని కాపాడటానికి ఒక ట్రాకుల పడవ తయారుచేశాడు. మెరైన్లు దాన్నే తీసుకుని ఎల్‌వీటీ అనే తేలే యుద్ధ వాహనంగా మార్చారు. 1943 నవంబరులో, రెండో ప్రపంచ యుద్ధంలో, పసిఫిక్ సముద్రంలోని తరావా దీవి దగ్గర ఆటుపోటు అనుకున్నంత రాక మామూలు పడవలన్నీ పగడపు దిబ్బకి తగిలి ఆగిపోయాయి, సైనికులు దిగి వందల మీటర్లు తుపాకి గుళ్ల మధ్య నీళ్లలో నడిచారు. ఎల్‌వీటీలు మాత్రం దిబ్బ ఎక్కి, అవతలికి దిగి, ఒడ్డుకి పోయాయి. ఆ ఒక్క రోజు తర్వాత తేలే బండి అంటే ట్రాకులే అన్నది మెరైన్లకి వేదవాక్కు అయిపోయింది.

చక్రం సమస్య ఏమిటంటే, నేలని తాకే చోటు చిన్నది. 30 టన్నులు ఎనిమిది చోట్ల మాత్రమే దిగుతాయి, తడి ఇసుక అంత బరువు మోయదు, చక్రం తవ్వుకుని కూరుకుపోతుంది. దీనికి మందు టైర్లో గాలి తగ్గించడం. గాలి తగ్గితే టైరు మెత్తబడి పొడవుగా పరుచుకుంటుంది, బరువు పంచుకుంటుంది. రోడ్డెక్కాక మళ్లీ గాలి ఎక్కించాలి, ఇదంతా డ్రైవరు సీట్లోంచే జరగాలి. ఇదేమీ కొత్త తెలివి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన డీయూకేడబ్ల్యూ అనే ఆరు చక్రాల తేలే ట్రక్కులోనే డ్రైవరు కూర్చున్న చోటు నుంచి టైర్ల గాలి మార్చే ఏర్పాటు ఉంది. దానికి కవచం లేదంతే. ఒక రకంగా ఏసీవీకి తాత అదే, ఎల్‌వీటీ కాదు.

చక్రాల బండితో సముద్రం దిగడం రష్యా వాళ్లకి ఏనాటి నుంచో అలవాటు. సోవియట్ నౌకా పదాతిదళం బీటీఆర్-60 వాడింది, తర్వాత బీటీఆర్-80, ఇప్పుడు బీటీఆర్-82ఏ. 82ఏలో 300 హార్స్‌పవర్ ఇంజిన్, 30 మి.మీ. ఫిరంగి, వెనక నీళ్లని చిమ్మి బండిని ముందుకు తోసే వాటర్‌జెట్ ఒకే ఒక్కటి. బరువు 15 టన్నుల చిల్లర, ఏసీవీలో సగం. దిగేముందు మూతి దగ్గర ఒక పలక పైకి లేపుతారు, అల నేరుగా పైకెక్కి రాకుండా. రష్యా పద్ధతిలో ల్యాండింగ్ షిప్పు ఒడ్డుకి బాగా దగ్గరికి వచ్చి మూతి తలుపులు తెరుస్తుంది, బీటీఆర్‌లు చివరి కాస్త దూరం ఈదితే చాలు. కాబట్టి దానికి సముద్రపు ఓర్పు పెద్దగా అక్కర్లేదు. ఇబ్బందల్లా దిగడంలో. ఇంజిన్ వెనకుంది, అందుకని తలుపు బండి పక్క గోడకి, రెండో చక్రానికీ మూడో చక్రానికీ మధ్య. కింది సగం మెట్టులా తెరుచుకుంటుంది, సైనికుడు వంగి, కడుపు బిగబట్టి, ఒక్కొక్కరుగా, కాల్పులు జరుగుతున్న పక్కకి దూకాలి. అంతకుముందు బీటీఆర్-60 మరీ ఘోరం, ఎక్కువగా పైకప్పు మూతల్లోంచే ఎక్కి దూకాలి. ఏసీవీలో ఇంజిన్ ముందుంది, వెనక పెద్ద ర్యాంపు పడుతుంది, అందరూ బండి చాటున దిగుతారు. కవచం మందం గురించి పేజీలకి పేజీలు వాదించుకునేవాళ్లు ఈ తలుపు సంగతి ఎందుకో పట్టించుకోరు.

చక్రాలుండి తేలితే చాలు, సముద్రానికి పనికొస్తుందనుకోవడం కూడా తప్పే. మెరైన్ల దగ్గరే 1980ల నుంచి ఎల్‌ఏవీ-25 అనే ఎనిమిది చక్రాల బండి ఉంది, 25 మి.మీ. ఫిరంగితో నిఘా పనికి వాడతారు. దానికి రెండు ప్రొపెల్లర్లున్నాయి, ఈదుతుంది. కానీ నదులు, నిలకడ నీళ్లు, అంతవరకే. ఓడ మీంచి సముద్రంలోకి దిగి అలలు దాటే పని దానికి పెట్టరు. తేలడం వేరు, అలల్లో నిలబడటం వేరు. ఏసీవీ మీద మొదట్లో ఇంత ఆశ లేదు, తొలి దశ బండిని వేరే పడవలే ఒడ్డుకి మోసుకెళ్తాయని, ఓడ నుంచి సొంతంగా ఈదేది రెండో దశలో చూద్దామని అనుకున్నారు. పరీక్షల్లో మొదటిదే ఆ పని చేసి చూపించింది, రెండు దశలూ కలిపేశారు.

తేలడం అంటే లెక్క సూటిగా ఉంటుంది. 30 టన్నుల బండి తేలాలంటే 30 టన్నుల నీళ్లని పక్కకి నెట్టాలి, అంటే దాదాపు 30 ఘనపు మీటర్ల డొల్ల నీళ్లలో మునగాలి. ఒక టన్ను కవచం అదనంగా బిగిస్తే ఇంకో ఘనపు మీటరు డొల్ల కావాలి, లేదా బండి అంత లోతుకి దిగాలి. అందుకే ఈదే బండ్లు చూడటానికి ఎత్తుగా, డబ్బాల్లా, మొద్దుగా ఉంటాయి. శత్రువుకి మంచి గురి. అటు కవచం ఎక్కువైతే మునుగుతుంది, ఇటు తక్కువైతే తూటా దిగుతుంది. ఈ ఇరుకులోంచి బయటపడిన డిజైనరు ఇంతవరకూ లేడు.

లోపల కూర్చున్నవాడికి ఇవేమీ కనపడవు, కిటికీలుండవు కదా. పదమూడు మంది మోకాళ్లు తగిలేంత దగ్గరగా, హెల్మెట్లు, కవచాలు, తుపాకులు, ప్యాకులతో, చీకట్లో, బండి పైకీ కిందకీ పక్కకీ ఊగుతుంటే కూర్చోవాలి. డీజిల్ వాసన. ఒకడికి వాంతి వస్తే మిగతావాళ్లకీ మొదలవుతుంది. రెండు గంటల తర్వాత ర్యాంపు పడగానే పరిగెత్తి యుద్ధం చేయాలి. ఆరు నాట్ల వేగానికి నిజమైన ధర ఇది.

అన్నిటికంటే పెద్ద భయం మాత్రం నీళ్లు లోపలికి రావడం. 2020 జులై 30న కాలిఫోర్నియా తీరంలోని శాన్ క్లెమెంటే దీవి దగ్గర ఒక పాత ఏఏవీ 16 మందితో మునిగిపోయింది, ఎనిమిది మంది మెరైన్లు, ఒక నావికుడు చనిపోయారు. విచారణలో బయటపడ్డది చూస్తే బండి వయసు ఒక్కటే కారణం కాదు. చాలా చోట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, నీళ్లు తోడే పంపులకి బలం అందలేదు, లోపల నీళ్లు పెరుగుతున్నా బయటికి రమ్మనే ఆజ్ఞ ఆలస్యమైంది, దగ్గర్లో రక్షణ పడవలు లేవు. చివర్లో పై మూత తెరిస్తే పక్క నుంచి వచ్చిన అల అందులోంచే లోపలికి పడింది. 2021 డిసెంబరులో ఏఏవీలని ఇక నీళ్లలోకి దించేది లేదని, అత్యవసరం అయితే తప్ప, మెరైన్లు తేల్చేశారు. దాంతో బాధ్యతంతా ఇంకా కొత్త పెళ్లికూతురులా ఉన్న ఏసీవీ మీద పడింది. దానికి తోడు 2020లోనే మెరైన్లు తమ ట్యాంకులన్నీ వదిలేసుకోవాలని నిర్ణయించారు కాబట్టి, నేల మీద వాళ్లకి ముందుండి నడిచే పెద్ద బండి కూడా ఇదే అయింది.

సరిగ్గా ఆ సమయంలోనే 2022 జులై ఘటన. లోతు నీళ్లలో ఏసీవీ బాగానే ఉంటుంది, అల కింద నుంచి వచ్చి లేపి వదిలేస్తుంది. నేల మీద సరేసరి. గొడవంతా ఈ రెండిటి మధ్య, అల విరిగే చోట, ఒడ్డుకి ముందు రెండు మూడు వందల మీటర్లలో. అక్కడ అల వెనక నుంచి వచ్చి తోకని లేపి తోస్తుంది. బండి మూతి తిన్నగా ఒడ్డు వైపే ఉండాలి, కొంచెం పక్కకి తిరిగిందా, తర్వాతి అల పొడవాటి పక్క మీద కొట్టి దొర్లించేస్తుంది. అదే సమయంలో అడుగున నేల తగులుతుంటుంది: అల పోగానే చక్రాలు ఇసుకని పట్టుకుంటాయి, ఇంకో అల రాగానే మళ్లీ గాల్లోకి. ప్రొపెల్లర్లు తోస్తుండగానే చక్రాలకీ తిప్పుడు అందుతుండాలి, ఒక క్షణం అది పడవ, ఇంకో క్షణం ట్రక్కు, డ్రైవరు రెండిటినీ ఒకేసారి నడపాలి. ఏఏవీ మీద ఏళ్లు గడిపిన చేతులకి అలవాటైన లెక్కలు ఈ బండికి కుదరవు, దీని పొడవు వేరు, బరువు కూర్చునే తీరు వేరు. బండిలో లోపం కంటే నడిపేవాళ్ల శిక్షణలో లోటే ఎక్కువన్నది మెరైన్ పెద్దల మాట. ఏసీవీకి మారేవాళ్ల కోసం వేరే శిక్షణ విభాగమే పెట్టి, అందరికీ కొత్తగా నేర్పించి, అలల్లోకి దించే పనిని మెల్లమెల్లగా మళ్లీ మొదలుపెట్టారు. ఆ మాట చాలావరకు నిజమే కావచ్చు, కానీ ఎత్తైన చక్రాల బండికి అలల్లో ట్రాకుల బండి కంటే మెళకువ ఎక్కువ కావాలంటే అది కూడా డిజైన్ ఖర్చులో భాగమే, దాన్ని డ్రైవరు ఖాతాలో రాసేయడం కుదరదు.

ఇప్పుడు దీని మీదే 30 మి.మీ. ఫిరంగితో ఇంకో రకం వస్తోంది. ఫిరంగిని బండి లోపల కూర్చుని రిమోట్‌తో నడుపుతారు, టరెట్ (ఫిరంగిని మోసే, తిరిగే గూడు) కింద మనుషులుండరు కాబట్టి లోపలి జాగా పోదు. బాగుంది. కానీ ఆ బరువు బండి నెత్తి మీద ఉంటుంది, పక్కకి ఒరిగే బండికి నెత్తి బరువు ఎలాంటిదో చెప్పక్కర్లేదు. 2024 మేలో ఫిలిప్పీన్స్‌లోని పలావాన్‌లో, అమెరికా గడ్డకి బయట, ఏసీవీలు నీళ్లలోకి దిగి విన్యాసాలు చేశాయి. ఇటలీ శాన్ మార్కో మెరైన్లు కూడా ఇదే కుటుంబానికి చెందిన వీబీఏ బండిని ఎంచుకున్నారు. చైనా మాత్రం ఈఎఫ్‌వీ వదిలేసిన దారినే పట్టి, నీళ్ల మీద జారే ట్రాకుల జెడ్‌బీడీ-05ని వందల కొద్దీ తయారుచేసుకుంది. దాటాల్సింది ఒకే ఒక్క జలసంధి, తైవాన్ ముందున్నది, అనుకున్నవాళ్లకి ఆ లెక్క సరిపోతుంది. ఎక్కడికి పోవాల్సొస్తుందో ముందే తెలియని అమెరికా మెరైన్లకి చక్రాలే నయం.

ఇంత ఇంజినీరింగ్ తర్వాత కూడా, బండి దిగాలా వద్దా అన్నది తేల్చే పద్ధతి మాత్రం పాతదే. ఒడ్డున ఒక మనిషి నిలబడతాడు. వరసగా విరిగే వంద అలల్ని చూసి ఒక్కోదాని ఎత్తు రాసుకుంటాడు, అందులో పెద్దవైన మూడో వంతు తీసి సగటు కడతాడు. అవి ఏ కోణంలో వస్తున్నాయి, ఎన్ని సెకన్లకోసారి వస్తున్నాయి, ఒడ్డు వెంట నీళ్లు ఎటు లాగుతున్నాయి, అవీ రాస్తాడు. ఆ కాగితం మీది అంకె హద్దు దాటితే బండ్లు ఓడలోనే ఉండిపోతాయి.